నా నంబరుకు వచ్చిన పిలుపు

నాగపూర్ కాలేజీ నుంచి మెసేజ్ వచ్చింది. రాలేదని మా బావకు చెప్పాను. ఒక్కసారి కాదు, అడిగినప్పుడల్లా చెప్పాను. మా అక్కకూ అదే చెప్పాను. చెప్పగా చెప్పగా నిజంగానే రాలేదేమోనని నాకే అనిపించేటంత తేలికగా ఆ మాట నోటికి వచ్చేది. మా తాలూకాలో బావ గురించి ఇప్పటికీ ఒక మాట తిరుగుతోంది, చదువుతానని పోయి మధ్యలో వదిలేసి వచ్చాడని. ఆ మాట అనేవాళ్ళకు తెలియనిది నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

నాది ప్రాణహితకు మరాఠీ రాష్ట్రం వైపున్న సిరొంచలో, బస్టాండు పక్కన చిన్న ఆన్‌లైన్ సెంటర్. జిరాక్సు, లామినేషన్, పొలాల హక్కు చూపే సాత్‌బారా కాగితాలు, పిల్లల కాలేజీ ఫారాలు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఫారం నింపించుకునేవాళ్ళు తమ ఫైలు మొత్తం నా చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. ఫోన్ నంబరు రాయాల్సిన చోట నేను నా నంబరే వేస్తాను. అడవి ఊళ్ళలో సిగ్నల్ ఉండదు. నది ఒడ్డు ఊళ్ళలో ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. కొందరు ఆరు నెలలకొక సిమ్ము మారుస్తారు. కాబట్టి ఆఫీసు నుంచైనా కాలేజీ నుంచైనా కబురు నాకే వస్తుంది. నేను ఆ ఊరి వైపు పోయే బస్సు కండక్టరుకో, అంగడికి వచ్చినవాళ్ళకో చెప్పి పంపుతాను. పదిహేనేళ్ళుగా ఇట్లాగే నడిచింది. ఒక్క కబురు కూడా తప్పలేదని చెప్పుకునేవాణ్ణి.

మా బావ, అంటే మా అక్క భర్త, ఇరవై నాలుగేళ్ళు ఫౌజులో చేసి హవల్దారుగా ఇంటికి వచ్చాడు. వాళ్ళ ఊరు సిరొంచకు ఆరు కిలోమీటర్లు, ప్రాణహిత ఒడ్డున. వరి పొలం ఉంది. ఫిరంగి తోపుల దగ్గర పనిచేసి చేసి ఎడమ చెవి పోయింది. ఆ చెవి చూపించుకోవడానికి మూడు నెలలకోసారి నాగపూర్ పక్కనున్న మిలిటరీ ఆసుపత్రికి పోవాలి.

వచ్చిన కొత్తలో అందరూ ఆయనకు ఏదో ఒక గార్డు నౌకరీ చూపించినవాళ్ళే. ఆయన దేనికీ అవుననలేదు. ఒకరోజు వాళ్ళ వాకిట్లో మందు కొట్టే పంపు బాగుచేస్తూ, తల ఎత్తకుండానే నన్ను అడిగాడు.

"అరేయ్, నువ్వు ఫారాలు నింపుతవు గద. మనిషిని అడుగుడు నేర్పే సదువు ఏదన్నుంటదా?"

"అడుగుడేంది బావా?"

"మా ఫౌజు పోస్టుల ఒక పోరడుండె. ఇరవై మూడేండ్లోడు. మూడు దినాలు సరిగ తినలే. రొట్టె తుంచి అట్లనే పెట్టి లేస్తుండు. నేను సూసిన. ఏందిరా అని అడగాల్నని అనిపించింది. ఏమని అడగాల్నో తెల్వలే, అడగలే. నాలుగో దినం వాని పానం వాడే తీస్కున్నడు."

పంపు గొట్టాన్ని బిగించి, మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించాడు.

"ఇరవై నాలుగేండ్ల సర్వీసుల అన్ని నేర్పిండ్రు. గదొక్కటి నేర్పలే. నాసొంటోళ్ళు శాన మంది ఇండ్లల్ల కూసున్నరు, అడిగేటోడు లేక. నేను నేర్చుకుంట."

ఎం.ఎస్.డబ్ల్యూ. అని సామాజిక సేవ చదువు ఉందని నేనే చెప్పాను. అంతకుముందే ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఆ ఫారాలు నింపి ఉన్నాను. బావ నౌకరీలో ఉండగానే దూరవిద్యలో బి.ఏ. పూర్తి చేశాడు కాబట్టి అర్హతకు అడ్డు లేదు. ఏ కాలేజీ అన్నదే మిగిలింది.

వారం తర్వాత ఒక నోటుబుక్కుతో దుకాణానికి వచ్చాడు. అందులో హిందీలో ప్రశ్నలు రాసుకున్నాడు. "కాలేజీని గూడ రెక్కీ చెయ్యాలె," అన్నాడు. సాత్‌బారా కోసం కూర్చున్న ఒక ముసలి రైతు ఊరుకోలేదు.

"ఏంది ఫౌజీ, ఈ వయసుల బడికి పోతవా? నిన్ను సూసి పోరగాండ్లు మాస్తరచ్చిండనుకోని లేసి నిలవడ్తరు!"

"నిలవడితె మంచిదే కాకా. అటెన్షన్ల నిలవెట్టి హాజరు తీస్కుంట."

దుకాణంలో అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆ రోజుల్లో ఆయన నవ్వేవాడు.

నేను మూడు చోట్ల వివరాలు తీసి ప్రింటు వేశాను. మొదటిది ఇంటి నుంచే చదివే కోర్సు. దాన్ని చూడగానే పక్కన పెట్టేశాడు. "ఇంట్ల కూసోని పుస్తకం సదివితె మనిషిని అడుగుడు వస్తదా?" రెండోది మాకు నాలుగు గంటల బస్సు దూరంలో ఉన్న కాలేజీ. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. మూడోది నాగపూర్‌లో.

"మాజీ సైనికుల కోటా ఉందా అని అడుగుదాం బావా," అన్నాను.

"కోటా అందరికుంటది. సీటు దొర్కుడు కాదురా, సీట్ల కూసున్నంక ఎట్లుంటదో అడగాలె."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి, కుడి చెవి దగ్గర పట్టుకుని, నోటుబుక్కులో వేలు పెట్టి ఒక్కొక్కటే అడిగాడు. తనలాంటివాళ్ళు ఇంతకుముందు మీ దగ్గర చదివారా, చదివితే పూర్తి చేశారా. ఆసుపత్రికి పోయిన రోజు హాజరు ఏమవుతుంది. ఒక చెవి వినబడనివాడు ముందు బెంచీ అడిగితే ఇస్తారా. ఫీల్డ్ వర్కుకు ఎక్కడికి పంపుతారు, ఫలానా చోటు నాకు కుదరదంటే వింటారా.

దగ్గరి కాలేజీలో ఫోనెత్తిన గుమాస్తా కోటా ఉంది, ఫారం నింపండి అన్నాడు. మిగతా ప్రశ్నలకు, ముందు చేరండి, తర్వాత చూద్దాం అన్నాడు. తప్పుగా ఏమీ మాట్లాడలేదు. అతనికి తెలిసింది అంతే.

నాగపూర్‌లో ఆ విభాగం చూసే మేడమే మాట్లాడారు. తమ దగ్గర ఇద్దరు మాజీ సైనికులు చేరారనీ, ఒకరు పూర్తి చేశారనీ, ఒకరు మధ్యలో వెళ్ళిపోయారనీ చెప్పారు. ఎందుకు వెళ్ళిపోయారో కూడా చెప్పారు. తరగతిలో ఎవరో యుద్ధం గురించి వాదన పెట్టుకున్నారట, ఆ రోజు తాము ఆయన పక్కన నిలబడలేకపోయామన్నారు. ఆసుపత్రి చీటీ చూపిస్తే హాజరు సర్దుతాం, ఫీల్డ్ వర్కు సైనిక కుటుంబాల మధ్య వేయవచ్చు అన్నారు. తర్వాత ఆమే ఒక ప్రశ్న అడిగారు. మీరు ఈ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నారు?

బావ జిరాక్సు మిషను వైపు చూస్తూ ఆ పిల్లవాడి సంగతి చెప్పాడు. దుకాణంలో నలుగురైదుగురు ఉన్నారు. ఎవరూ కదలలేదు. అవతల మేడం మెల్లగా, ఆ అబ్బాయి పేరేమిటి అని అడిగారు. బావ వాడి పేరు చెప్పాడు.

ఫోన్ పెట్టేసి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"సూసినవారా? గట్ల అడగాలె. ఇడిసిపెట్టి పోయినోని సంగతి గూడ దాయలే. నేను గీమె దగ్గరనే సదువుత."

ఆ సాయంత్రమే ఫారం నింపాను. నంబరు దగ్గర ఆగి, "నా నంబరు ఎయ్యిరా," అన్నాడు.

"మీ ఊళ్ళె టవర్ ఏడున్నది బావా?"

"గది నిజమే. నీదే ఎయ్యి. నీకు తెలిస్తె నాకు తెలిసినట్టే."

ఆ తర్వాత వానలు పట్టాయి. ప్రాణహిత పొంగింది, నాగపూర్ వైపు పోయే ఆలపల్లి రోడ్డు రెండుసార్లు మూసుకుపోయింది. అదే సమయంలో ఆడవాళ్ళకు సర్కారు కొత్త పథకం పెట్టింది. పొద్దున ఏడింటికే దుకాణం ముందు చెప్పుల వరుస ఉండేది. ఒక్కొక్క ఫారానికి మూడేసి మెసేజ్‌లు, అన్నీ నా ఫోనుకే. చూసి తుడిచేయడం, చూసి తుడిచేయడం. ఆ గుంపులో నాగపూర్ మెసేజ్ వచ్చింది. మాజీ సైనికుల సీటులో ఎంపికయ్యారు, ఐదు రోజుల్లోగా అసలు కాగితాలతో రావాలి అని ఉంది. నేను దాన్ని చూసింది ఏడో రోజు.

అప్పుడు చేయాల్సింది చిన్న పని. ఆరు కిలోమీటర్లు బండి మీద పోయి, బావా, తప్పైపోయింది అని చెప్పి, మేడంకు ఫోన్ చేయించడం. బండి తాళం చేతిలోకి తీసుకున్నాను కూడా. ఎవరో పిలిచారు, పెట్టేశాను.

ఆ మరునాడు బావే వచ్చాడు. "ఏమన్న వచ్చిందా?"

"ఇంకా లేదు బావా," అన్నాను.

ఆ 'ఇంకా' రెండు రోజులు నిలిచింది. మూడో రోజు, లిస్టు పెట్టారు, నీ పేరు లేదు అని చెప్పాను. దగ్గరి కాలేజీకి ఇంకా గడువు ఉందని కూడా నేనే చెప్పాను. "వారానికోసారి ఇంటికి రావచ్చు. అక్కకు గూడ నిమ్మళం," అన్నాను. బావ కుర్చీలో కూర్చున్నాడు. ఆమె పిలుస్తదనుకున్న అని ఒక్క మాట అన్నాడు. తర్వాత, సరే, గదే నింపు అని చెప్పి చాయ్ తాగడానికి బయటికి పోయాడు.

ఈ సంగతి ఇంతవరకే అయితే దీన్ని మరపు అనవచ్చు, పిరికితనం అనవచ్చు. మొదటిసారి దీన్ని రాసినప్పుడు నేను ఇక్కడితో ఆపేశాను. ఆ కాగితం చింపేశాను. తర్వాత జరిగింది ఇది.

బావ బయట చాయ్ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. నా ఫోన్ మోగింది. నాగపూర్ మేడం. హవల్దారు సాబేనా అని అడిగారు. కాదు, ఆయన బామ్మర్దిని అన్నాను. వారు రాలేదు, మీ వైపు రోడ్లు మూసుకుపోయాయని విన్నాను, సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, మరో రెండు రోజులు ఆపగలను, వస్తారా అని అడిగారు.

గాజు తలుపులోంచి బావ కనబడుతున్నాడు. చాయ్ గ్లాసు చల్లారేదాకా పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. మా మధ్య ఇరవై అడుగులు. వస్తాడని నేను అంటే, కబురు ఎప్పుడు పంపారో ఆమె ఆయనకు చెబుతారు. దుకాణంలో ఒక మెసేజ్ తప్పిందని, దాన్ని నేను దాచానని రేపటికల్లా ఊళ్ళన్నిటికీ తెలుస్తుంది. నేను ఆలోచించింది అదొక్కటే.

"మేడం, ఆయన ఇక్కడే వేరే కాలేజీలో చేరాడు. రాడు," అన్నాను.

ఆమె, సరే, వారికి నా నమస్కారం చెప్పండి, బాగా చదవమన్నానని చెప్పండి అన్నారు.

అది కూడా చెప్పలేదు.

బావ దగ్గరి కాలేజీలో చేరాడు. ఒక గది తీసుకున్నాడు. ముందు బెంచీ అడగడానికి మొహమాటపడి మూడో బెంచీలో కూర్చున్నాడు, సగం వినబడేది, సగం పక్క పిల్లల పుస్తకాల్లోంచి రాసుకునేవాడు. చదువంతా మరాఠీలో. మాట్లాడటం వచ్చు కానీ పేజీలకు పేజీలు రాయడం చేయి తిరగలేదు. అయినా రాసేవాడు. శనివారం ఇంటికి వచ్చినప్పుడు వేళ్ళకు సిరా మరకలు ఉండేవి.

ఫీల్డ్ వర్కుకు పెర్మిలి అవతల ఒక అడవి ఊరికి వేశారు. ఆయన చూపు, నడక, జుట్టు కత్తిరింపు చూడగానే ఆడవాళ్ళు లోపలికి పోయి తలుపులు వేసుకున్నారు. ఒక ముసలాయన గోండిలో ఏదో అడిగితే, వెంట ఉన్న విద్యార్థి ఈయన ఏ పోలీసు ఠాణా ఆయన అని అడుగుతున్నాడని చెప్పాడట. ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు బావ నవ్వుతూనే చెప్పాడు.

"నేను అడుగుడు నేర్సుకుందామని పోతె, వాళ్ళే నన్ను అడుగుతుండ్రు."

నాలుగు వారాలు పోయినా ఆ తలుపులు తెరుచుకోలేదు. వేరే చోటు వేయమని అడిగితే, అందరికీ ఒకటే నియమం అన్నారు. ఆసుపత్రికి పోయిన రోజులు గైర్హాజరు కింద పడ్డాయి. పరీక్షలకు ముందు హాజరు చాలదని పేర్లు అతికించారు, అందులో ఈయనది మొదటిది. హోలీ ముందు ట్రంకు పెట్టెతో ఇంటికి వచ్చాడు. మళ్ళీ పోలేదు.

ఫైలు తీసుకెళ్ళి వడ్ల గుమ్మి మీద పెట్టాడు. ఇరవై నాలుగేళ్ళు తెల్లారకముందే గడ్డం గీసుకున్న మనిషి గీసుకోవడం మానేశాడు. పొలానికి పోతాడు, వస్తాడు. నేను పోతే, మాట అయిపోయాక ఒకటే అడిగేవాడు.

"ఆ నాగపూర్ మేడం ఎందుకు పిలవలేదురా?"

"సీట్లు నిండినయేమో బావా."

ఈ మాట నాలుగుసార్లు అన్నానని గుర్తు. ఎక్కువే అయి ఉండవచ్చు.

మళ్ళీ నాట్ల కాలం వచ్చింది. ఒక అంగడి రోజు అక్క దుకాణానికి వచ్చింది. సంచీ కింద పెట్టి జిరాక్సు మిషను పక్కన స్టూలు మీద కూర్చుంది. నేను మంచినీళ్ళు ఇచ్చాను, తాగలేదు.

"తమ్మీ, మీ బావ తింటలేడు. మూడు దినాలాయె. కంచం ముందట కూసుంటడు, రొట్టె తుంచుతడు, లేస్తడు."

నా చేతిలో కాగితాల కట్ట ఉంది. దాన్ని బల్ల మీద పెట్టడానికి చోటు కనబడలేదు.

"అడిగిన్నే," అంది అక్క. "ఏమైందని శాన సార్లడిగిన. నిన్న చెప్పిండు. 'ఆ మేడంకు పోరని సంగతి చెప్పిన గద, గందుకే పిలవలే. తినకుంట కూసున్నోన్ని సూసి గూడ అడగనోడు, గీ సదువు ఎట్ల సదువుతడు అనుకున్నది. ఆమె సరిగనే అనుకున్నది' అన్నడు. నాకైతె పరేషాన్ అయితుంది తమ్మీ. ఆమె గట్ల అనుకున్నదంటవా?"

ఏడాది పాటు ఆయన మోసింది అదన్నమాట. హాజరు కాదు, మరాఠీ కాదు, తలుపులు వేసుకున్న ఊరు కాదు. ఆయన తన మనసులోని బరువంతా ఒక మనిషికి చెప్పుకున్నాడు, ఆ మనిషి విని మొహం తిప్పుకుంది అనుకున్నాడు. అట్లా అనుకునేలా చేసింది నేను.

అప్పుడు కూడా, "ఏమో అక్కా," అన్నాను. అక్క సంచీ ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ 'ఏమో' నన్ను ఇప్పటికీ అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపెడుతుంది.

దుకాణం మూసి నాగపూర్ నంబరుకు ఫోన్ చేశాను. ఎవరో కొత్త మనిషి ఎత్తారు. మేడం ఉద్యోగం వదిలి వెళ్ళిపోయారు, ఎక్కడున్నారో తెలియదు అన్నారు. ఆమెకు చెప్పాల్సిన నిజం ఇక నా దగ్గరే ఉంటుంది.

మరునాడు పొద్దున బండి మీద పోయాను. బావ పొలంలో నారుమడి గట్టు సరిచేస్తున్నాడు. మోటరు నడుస్తోంది. నన్ను చూసి పార భుజాన వేసుకుని గట్టు మీద ఇంటి వైపు నడిచాడు. నేను ఆయన ఎడమ వైపు నడిచాను. ఎడమ చెవి సంగతి నాకు తెలుసు. తెలిసే ఆ వైపు చేరాను. "బావా, మెసేజ్ వచ్చిందే," అన్నాను. ఆయన నడుస్తూనే ఉన్నాడు. ఇంకోసారి అన్నాను, అంతే మెల్లగా. చెప్పేశానని అనుకుని వెనక్కి తిరిగిపోవచ్చు అనే ఆలోచన కూడా వచ్చింది.

నా పెదవులు కదలడం ఆయన చూశాడు. ఆగి, పోయి మోటరు బందు చేసి వచ్చాడు.

"ఇటు వచ్చి చెప్పు," అని కుడి వైపు చూపించాడు.

గట్టు ఇరుకు. బురదలో దిగి ఆ వైపుకు పోయాను. మెసేజ్ వచ్చిందని, నేను ఏడో రోజు చూశానని, లిస్టులో పేరు లేదన్నది అబద్ధమని చెప్పాను. ఫోన్ తీసి ఆ మెసేజ్ చూపించబోయాను. ఆయన దానివైపు చూడలేదు.

"ఆమె ఫోన్ గిట్ల చేసిందా?"

"చేసింది."

"నాకోసమా?"

"నీకోసమే. సీటు ఆపిన, రెండు దినాలు సూస్త అన్నది. నువ్వు రావని నేనే చెప్పిన."

"అప్పుడు నేనేడున్న?"

"దుకాణం ముందట ఉన్నవు బావా. చాయ్ గ్లాసు పట్టుకోని నిలవడ్డవు."

ఆయన పార దించి గట్టుకు ఆనించాడు. కొడతాడనుకున్నాను, కొట్టి ఉంటే బాగుండేది. నారు వైపు చూస్తూ నిలబడ్డాడు. గడ్డం తెల్లగా, దట్టంగా పెరిగి ఉంది. నా వైపు చూడకుండానే అడిగాడు.

"పోరని సంగతి మీద ఏమన్న అన్నదా?"

"ఏమనలే బావా. నీకు నమస్కారం చెప్పమన్నది. మంచిగ సదవమన్నది. గది గూడ నీకియ్యలే నేను. ఆమె నిన్ను వద్దనలే, పిలిచింది. నీ దాక రాకుంట ఆపినోన్ని నేనే. నీది తప్పు లేదు. ఆ పోరని కాడ గూడ నువ్వు ఏమని అడగాల్నో తెల్వక అడగలే, నేను తెలిసి చెప్పలే. నన్ను మాఫ్ చెయ్యి బావా. చెయ్యకున్నా సరే. తప్పు నాది."